పెట్రోల్‌లో సీసం: విషమని తెలిసీ వందేళ్లు పీల్చాం

గాలి కాలుష్యం అనగానే మనకి దుమ్ము, పొగ గుర్తొస్తాయి. కానీ మన దేశపు గాలి నాణ్యత ప్రమాణాల లిస్టులో పీఎం 2.5, సల్ఫర్ డయాక్సైడ్, ఓజోన్‌లతో పాటు ఇంకో పేరు ఉంటుంది: సీసం. అది గాల్లోకి ఎక్కువగా వచ్చింది పెట్రోల్ నుంచే. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

1921, అమెరికా. అప్పటి కార్లలో పెట్రోల్ సరిగ్గా మండక ఇంజన్ టకటకా కొట్టుకునేది. టెట్రాఇథైల్ లెడ్ కొంచెం కలిపితే ఆ సమస్య పోతుందని జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్‌గ్లీ కనిపెట్టాడు. ఆల్కహాల్ కలిపినా పోతుందని ఆయనకి తెలుసు. కానీ ఆల్కహాల్‌కి పేటెంట్ రాదు కదా! 1923లో ‘ఇథైల్’ పేరుతో అమ్మకాలు మొదలయ్యాయి. ఆ పేరులో లెడ్ అన్న మాటే లేదు, గమనించండి.

సీసం విషమని రోమన్ల కాలం నుంచీ తెలుసు. 1924లో దీన్ని తయారుచేసే న్యూజెర్సీ ప్లాంట్‌లో ఐదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. అయినా మిడ్‌గ్లీ విలేకరుల ముందు ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని, ఆవిరి పీల్చి, ఏమీ కాదన్నాడు. అంతకు ముందు ఏడాదే సీసం వల్ల జబ్బుపడి సెలవు పెట్టిన మనిషి ఆయన! 1926లో ప్రభుత్వ కమిటీ కూడా నిషేధించడానికి తగిన ఆధారాల్లేవని తేల్చింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి. టెస్టింగ్ లేకుండా కోడ్‌ని లైవ్‌లో పెట్టి, యూజర్లు కంప్లయింట్ చేస్తే చూద్దాం అన్నట్టుంది ఈ వ్యవహారం. తేడా ఏంటంటే, ఇక్కడ యూజర్లు చిన్నపిల్లలు. సీసం వాళ్ల మెదడు ఎదుగుదలని, తెలివితేటల్ని దెబ్బతీస్తుంది. ఇంతవరకు పర్లేదు అనే సురక్షిత మోతాదు ఏదీ లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది.

మరి దీన్ని బయటపెట్టిందెవరు? భూమి వయసు 455 కోట్ల ఏళ్లని లెక్కతేల్చిన క్లేర్ ప్యాటర్సన్. కొలతలు తీస్తుంటే ల్యాబ్‌లో ఎక్కడ చూసినా సీసమే! అదంతా సహజంగా ఉన్నది కాదు, మనం కలిపిందని 1965లో రాశాడు. పరిశ్రమ ఆయన మీద విరుచుకుపడింది, ఆయన తగ్గలేదు.

చివరికి రోడ్డు వాహనాలకి సీసం పెట్రోల్‌ని అమెరికా 1996లో, మన దేశం 2000లో ఆపేశాయి. ఆఖరి దేశం అల్జీరియా, 2021లో. చిన్న పిస్టన్ విమానాల్లో ఇంకా వాడుతూనే ఉన్నారు. సీసం కుళ్లదు. అప్పుడు రోడ్ల పక్కన మట్టిలో పడింది ఇప్పటికీ అక్కడే ఉంది.

సో ఫ్రెండ్స్, “హాని ఉందని ప్రూఫ్ ఏది?” అని ఏ కంపెనీ అయినా అడిగితే, “హాని లేదని మీ ప్రూఫ్ ఏది?” అని ముందు మనం అడగాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.