క్రాస్‌ట్యాబ్ నివేదిక: ఉత్తరాంధ్ర జిల్లా లెక్కలు

విడివిడి నమోదులను రెండు అంశాల వారీగా ఒకేసారి కూడి చూపే పట్టిక క్రాస్‌ట్యాబ్. అడ్డు వరుసల్లో మండలమో జిల్లానో, నిలువు వరుసల్లో పంటో నెలో, రెండూ కలిసే గడిలో మొత్తమో సగటో ఉంటుంది. 2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో పురుషులు 13,41,738, స్త్రీలు 13,61,376. విజయనగరంలో పురుషులు 11,61,477, స్త్రీలు 11,82,997. రెండు వరుసలు, రెండు నిలువులు చాలు, రెండు జిల్లాల్లోనూ స్త్రీలే ఎక్కువని తెలిసిపోతుంది.

ఈ పని కంప్యూటరుతో పుట్టింది కాదు. కరణం అడంగల్‌లో సర్వే నంబరు వారీగా రాసిన సాగు వివరాలను కూడి ఊరికో గోషువారా (మొత్తాల పట్టిక) కట్టేవారు. వాటిని మళ్లీ కూడితే తాలూకా లెక్క వచ్చేది. ఒక ఊరి అంకె మారితే పైన ఉన్న మొత్తాలన్నీ దిద్దాల్సిందే.

1980లలో డెస్క్‌టాప్ డేటాబేసులు వచ్చాయి. డీబేస్ నివేదికలో వర్గం వారీ ఉపమొత్తాలు ఒకదాని కింద ఒకటి వచ్చేవి గానీ, పక్కపక్కన పరవాలంటే ప్రోగ్రాము రాసుకోవాలి. ఫాక్స్‌ప్రోలో జెన్‌ఎక్స్‌ట్యాబ్ అనే సిద్ధ ప్రోగ్రాము ఆ శ్రమ తగ్గించింది. 1992 నవంబరులో వెలువడిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ క్రాస్‌ట్యాబ్‌ను క్వెరీ (డేటాబేసును అడిగే ప్రశ్న)గానే ఇచ్చింది: ట్రాన్స్‌ఫార్మ్ అనే ఆదేశం గడిలోని లెక్కను, పివట్ నిలువు శీర్షికలను చెబుతాయి. తెలుగు శీర్షికలకు మాత్రం యాక్సెస్ 2000తో యూనికోడ్ వచ్చేదాకా ప్రత్యేక ఫాంట్లే దిక్కు.

క్వెరీ తేలికే, చిక్కంతా నివేదికలో. నిలువు శీర్షికలు డేటాను బట్టి పుడతాయి కనుక, వర్షపాతం పట్టికలో మే నెల నమోదే లేకపోతే ఆ నిలువు మాయమై, దానికి ముడిపెట్టిన నివేదిక ఆగిపోతుంది. శీర్షికల జాబితాను ముందే స్థిరపరచడం దీనికి విరుగుడు. ఖాళీ గడి సున్నా కాదు: వాన పడలేదా, లెక్క అందలేదా అన్నది దాన్ని చూస్తే తెలియదు. ఒక క్వెరీలో నిలువులు 255కు మించవు, కాబట్టి ఊళ్లను అడ్డు వరుసల్లోనే ఉంచాలి. ఆమదాలవలస, రేగిడి ఆమదాలవలస వేర్వేరు మండలాలు. పేరును బట్టి కూడితే కలిసిపోయే ప్రమాదముంది, మండల కోడ్‌తో కూడడమే క్షేమం.

కోడ్ విలువ సరిహద్దులు మారినప్పుడు మరింత తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళంలోని 38, విజయనగరంలోని 34 మండలాలు శ్రీకాకుళం 30, విజయనగరం 27, పార్వతీపురం మన్యం 15గా సర్దుబాటయ్యాయి. మండల స్థాయి నమోదులుంటే, ఏ మండలం ఏ జిల్లాదో చెప్పే పట్టిక ఒక్కటి దిద్ది క్వెరీ మళ్లీ నడిపితే పాత ఏళ్ల లెక్కలు కూడా కొత్త జిల్లాల వారీగా వస్తాయి. అంతకుముందు కాలానికి ఇంత సులువు కాదు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా తాలూకాలతో ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అందుకే ఆనాటి అంకెలను నేటి వాటి పక్కన పెట్టాలంటే ఊరి స్థాయి నుంచే మళ్లీ కూడాలి.