ఇల్లు లేకున్నా ఓటుంది



1935 చట్టం కింద ఓటుకు ప్రధానంగా ఆస్తో, పన్నో, చదువో ఉండాలి. ఆ మూడూ మనవాళ్లకు అందనిచ్చిందెవరు? వయోజనులందరికీ ఓటివ్వాలని అంబేడ్కర్ 1928లోనే సైమన్ కమిషన్‌ను అడిగారు. రాజ్యాంగం 326వ అధికరణంతో ఇచ్చింది. ఇల్లు సొంతమైనంత మాత్రాన ఎవరూ అక్కడి నివాసి కారని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ అంటుంది. అంటే చట్టానికి కావలసింది మనిషి ఉండే చోటు, ఇంటి పట్టా కాదు.

ఇల్లు లేనివాళ్లు ఫారం 6లో పడుకునే చోటు రాస్తే, బీఎల్వో రాత్రిపూట వెళ్లి చూసుకోవాలి. చిరునామా కాగితం అడగకూడదు. ఇది ఎన్నికల సంఘం నిబంధనే.

కరువుకు ఊరొదిలి అనంతపురం బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో తలదాచుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. బీఎల్వో పగలొచ్చి ‘ఎవరూ లేరు’ అని రాసుకుపోతే, పాత ఆస్తి షరతే మళ్లీ వచ్చినట్టు. ఆ రాత్రి వాళ్ల పక్కన మనముండాలి.