కాంగ్ (ఐర్లండ్)

కాంగ్ పశ్చిమ ఐర్లండ్‌లోని మేయో కౌంటీకి చెందిన చిన్న గ్రామం. కోరిబ్, మాస్క్ సరస్సుల నడుమ ఉంది. గాల్వే నుంచి కారులో గంటలోపు చేరవచ్చు.

ఇక్కడి 12వ శతాబ్దపు మఠం ఇప్పుడు శిథిలం. ఐర్లండ్ చివరి మహారాజు రోరీ ఓ'కానర్ చివరి రోజులు ఇక్కడే గడిపి 1198లో మరణించాడు. దగ్గర్లోనే ఏటి మీద రాతి గుడిసె ఉంది. సన్యాసులు దాని నేలలోని కంత గుండా వల దించేవారు. చేప పడితే వంటశాలలో గంట మోగేలా తాడు కట్టారని చెబుతారు.

ఐర్లండ్ మహా కరువు కాలంలో ఆ రెండు సరస్సులను కలపడానికి తవ్విన కాలువలో నీరు నిలవలేదు, సున్నపురాయి పీల్చేసింది. ఆ ఎండు కాలువ నేటికీ కనిపిస్తుంది.

1951లో జాన్ ఫోర్డ్ ‘ద క్వైట్ మ్యాన్’ సినిమాను ఇక్కడ తీశాక పర్యాటకుల రాక పెరిగింది. అందులో నటించిన జాన్ వేన్, మౌరీన్ ఓ'హారాల విగ్రహం వద్ద ఫొటోలు దిగనివారు తక్కువ.