విమానంలో వడ్డన - తగాదాల చరిత్ర

2014 డిసెంబరు 5వ తేదీన న్యూయార్కులోని కెనెడీ విమానాశ్రయం నుండి దక్షిణ కొరియాకు బయలుదేరిన ఒక పెద్ద విమానం, ఇంకా నేల విడవక ముందే, తిరిగి తన స్థానానికి వచ్చి నిలిచినది. యంత్రాలలో లోపమేమీ లేదు. మొదటి తరగతిలో కూర్చున్న ఒకామెకు మకడేమియా గింజలను పళ్లెంలో పోసి ఇవ్వక పొట్లంతోనే ఇచ్చినారు, అంతే. ఆమె ఆ విమాన సంస్థ అధ్యక్షుని కుమార్తె, పైగా అందులో ఉపాధ్యక్షురాలు. ఆమె కోపించి పరిచారకుల పెద్దను విమానం నుండి దింపివేయించినది. ఆయన దిగిన తరువాతనే విమానం కదిలినది. 2015 ఫిబ్రవరిలో సియోల్ న్యాయస్థానం ఆమెకు ఒక సంవత్సరం కారాగారశిక్ష విధించినది. మే నెలలో పై న్యాయస్థానం శిక్ష అమలును నిలిపి ఆమెను విడుదల చేసినది.

పెళ్లిపందిరిలో మగపెళ్లివారు వడ్డనలో లోపమెంచి విస్తరి ముందు నుండి లేచిపోవడం మనం ఎరిగినదే. అక్కడ బ్రతిమాలడానికి పెద్దలు ఉంటారు. అలిగినవారు వెళ్లడానికి వీధి ఉన్నది. పదికిలోమీటర్ల ఎత్తున ఆ రెండూ లేవు. పైగా, అక్కడ వడ్డించే మనిషే నిప్పంటుకొన్నపుడు తలుపు తెరచి అందరినీ దింపవలసిన మనిషి. ఈ రెండు పనులు ఒకే వ్యక్తి నెత్తిన ఎట్లు పడినవో తెలిసికొన్నచో ఈ తగాదాల మూలం బోధపడుతుంది.

విమానంలో భోజనం 1919 అక్టోబరులో మొదలైనది. లండను - పారిసు మధ్య హాండ్లీ పేజ్ సంస్థ విమానాలలో మూడు షిల్లింగులకు ఒక పెట్టెలో ఫలహారం అమ్మినారు. 1922లో డెయిమ్లర్ అనే మరొక బ్రిటిషు సంస్థ పరిచర్యకు కుర్రవాళ్లను నియమించినది. స్త్రీలు ఈ ఉద్యోగంలోనికి వచ్చినది 1930 మే 15న. అమెరికాలో ఎలెన్ చర్చ్ అనే నర్సు విమానం నడపడం నేర్చుకొని పైలటు ఉద్యోగం కోరినది. అది దొరకలేదు. అప్పుడామె బోయింగు రవాణా సంస్థకు ఒక సలహా చెప్పినది: విమానంలో నర్సులు ఉంటే ప్రజలకు భయం తగ్గుతుందని. ఆమెతో కలిపి ఎనిమిది మందిని తీసికొన్నారు. అందరూ నర్సులే, అవివాహితలే.

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం నుండి చికాగోకు ఆనాటి ప్రయాణం సుమారు 20 గంటలు, నడుమ 13 మజిలీలు. విమానాలు మేఘాల క్రిందనే, గాలి కుదుపులలో పోయేవి. వాంతులు చేసికొనని ప్రయాణికులు అరుదు. నర్సులు వారిని ఓదార్చి భోజనం పెట్టేవారు. సామాను మోయడం, కుర్చీల మరలు బిగించడం, మరుగుదొడ్డి తలుపని భ్రమించి ఎవరైనా బయటి తలుపు తీయకుండా కాపు కాయడం కూడ వారి పనులే. అంటే మొదటి రోజు నుండి ఆమె రక్షకురాలు. అన్నం పెట్టడం ఆ రక్షణలో ఒక భాగం మాత్రమే.

ఈ క్రమం తలక్రిందులు కావడానికి కారణం ఆర్థికమైనది. అమెరికాలో 1938 చట్టం తరువాత విమాన చార్జీలను ప్రభుత్వ మండలి నిర్ణయించేది. సముద్రాలు దాటే విమానాల చార్జీలను అంతర్జాతీయ విమానరవాణా సంఘంలో సంస్థలన్నీ కలిసి నిర్ణయించేవి. ధరలో పోటీ లేనపుడు ఇక పోటీ దేనిలో? వడ్డనలో. ఇది ఎంతవరకు వచ్చినదో 1958 నాటి శాండ్విచ్ యుద్ధం చెపుతుంది. ఆ సంవత్సరం అట్లాంటిక్ మార్గంలో చౌక తరగతి వచ్చినది. ఆ తరగతివారికి శాండ్విచ్ మాత్రమే పెట్టవలెనని, అది చల్లనిది, సాదాది, తక్కువ ఖరీదుది కావలెనని నియమం. స్కాండినేవియా దేశాల ఉమ్మడి సంస్థవారు రొట్టెముక్క కనబడనంతగా మాంసము, చేపలు పేర్చి అదే శాండ్విచ్ అన్నారు. పోటీదారులు ఫిర్యాదు చేసినారు. ఆ సంస్థకు 20,000 డాలర్ల జరిమానా పడినది. జరిమానా కంటె దానివలన వచ్చిన ప్రచారమే ఎక్కువ విలువైనదని అనుకోవలసి ఉన్నది!

నవ్వుకొని వదలివేయదగిన కథ కాదు మద్యం సంగతి. పోటీలో భాగంగా 1950 దశాబ్దంలో అమెరికా విమానాలలో మద్యం విరివిగా పోసేవారు. ప్రయాణికులు తమ సీసాలు తెచ్చుకొనడం కూడ ఉండేది. త్రాగినవాడు చేయి పట్టుకొన్నను, బూతులాడినను, ఇంకొక గ్లాసు కావలెనన్నను, ఇరువది ఏండ్ల పరిచారిక ఒంటరిగా ఎదుర్కొనవలెను. కాదనడానికి ఆమెకు చట్టబలం లేదు. చిరునవ్వు చెదరకూడదని యజమాని ఆజ్ఞ ఉన్నది. చిత్రమేమనగా, 1952లోనే పరిచారకులు రక్షణ కొరకు విమానంలో ఉండి తీరవలెనని నియమం వచ్చి ఉన్నది. రక్షణకు ఆమె కావలెను, ఆమెకు రక్షణ లేదు.

పైలట్ల సంఘం, పరిచారికల సంఘం కలిసి విమానాలలో మద్యం పూర్తిగా నిషేధించవలెనని కోరినవి. 1956లో అమెరికా ప్రతినిధుల సభ అటువంటి బిల్లును ఆమోదించినది కూడ. సెనేటు ఆమోదం లేక అది చట్టం కాలేదు. అది రాకుండ చేయడానికి సంస్థలు ఒక్కొక్కరికి రెండు గ్లాసులకు మించి పోయబోమని తమంతట తామే కట్టుబాటు ప్రకటించినవి. చివరకు 1960లో సమాఖ్య విమానయాన సంస్థ శాసించినది: సిబ్బంది పోసినది తప్ప ప్రయాణికుడు తన మద్యం త్రాగరాదు, మత్తులో ఉన్నవానికి సిబ్బంది పోయరాదు. ఈ రెండవ భాగాన్ని గమనించవలెను. “ఇవ్వను” అనడం అంతవరకు అమర్యాద. ఆనాటి నుండి విధి.

మద్యం విషయంలో ఇంత పట్టుదల అవసరమా? దీనికి శరీరధర్మ శాస్త్రం సమాధానం చెపుతుంది. విమానం 35,000 అడుగుల ఎత్తున పోయినను లోపలి గాలిని యంత్రాలతో ఒత్తిడికి గురిచేసి, 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తున ఉండే పీడనం నిలుపుతారు. అనగా ప్రయాణికుడు ఇంచుమించు ఉదకమండలంలో కూర్చున్నట్లే. 8,000 అడుగుల వద్ద పీడనం సముద్రమట్టంలోని దానిలో సుమారు నాలుగింట మూడు వంతులు. బిస్కెట్ల పొట్లం ఉబ్బడం, పైన మూత బిగించిన ఖాళీ నీళ్లసీసా నేలకు దిగేసరికి చొట్టపోవడం ఇందువలననే. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన మంచి ఉదాహరణ. అక్కడ నీరు సుమారు 92 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగుతుంది గనుక టీ సరిగా దిగదు. గాలిలో తేమ తరచు 20 శాతం కంటె తక్కువ. ముక్కు ఎండి వాసన మందగిస్తుంది. జర్మనీలో 2010 ప్రాంతాన పాత విమానపు గదిలో పీడనం తగ్గించి జరిపిన ప్రయోగాలలో ఉప్పు రుచి 20 - 30 శాతం, తీపి రుచి 15 - 20 శాతం తగ్గినట్లు తేలినది. కూరలో ఉప్పు లేదని పరిచారికపై విసుగుకొనేవారు నిజానికి తమ నాలుకపై విసుగుకొనవలసినది.

ఎత్తున ఒక గ్లాసు నేలపై రెండు గ్లాసులకు సమానమని ఒక నమ్మకం ఉన్నది. ప్రయోగాలలో రక్తంలోని మద్యపు పాలు అట్లు పెరగలేదు. కాని ప్రాణవాయువు కొరత, మద్యం రెండూ మెదడుపై తమ భారం విడివిడిగా మోపుతవి. 2024లో ప్రచురితమైన ఒక జర్మను పరిశోధనలో, 8,000 అడుగుల పీడనం గల గదిలో మద్యం సేవించి నిద్రించినవారి రక్తంలో ప్రాణవాయువు సంతృప్తత సుమారు 85 శాతానికి పడిపోయినది. గుండె వేగం పెరిగినది. వారు ఆరోగ్యవంతులైన యువకులు. గుండెజబ్బు గల వృద్ధుని సంగతి ఊహించవచ్చును.

పొగచుట్టల కథ కూడ ఈ దారినే నడిచినది. 1973లో పొగత్రాగనివారికి వేరు వరుసలు ఇవ్వవలెనని అమెరికాలో నియమం వచ్చినది. ఆ వరుసల హద్దు చూపే పని పరిచారికలపై పడినది. 1979లో వాషింగ్టను నుండి న్యూయార్కు పోయే ఒక విమానం ఈ తగాదావలననే నడుమ బాల్టిమోరులో దిగవలసివచ్చినది. గాలికి వరుసలు తెలియవు కదా!

1978లో అమెరికాలో చార్జీల కట్టుబాటు తొలగినది. టిక్కెట్టు చౌకైనది, వడ్డన తరిగినది, కుర్చీలు దగ్గరకు జరిగినవి. ఒక సంస్థ సలాడులో ఒక్కొక్క ఆలివు కాయ తీసివేసి సంవత్సరానికి 40,000 డాలర్లు మిగిల్చినదని చెప్పుకొంటారు. ప్రయాణికుని మనస్సులో మాత్రం పాత ప్రకటనల బొమ్మలే నిలిచినవి. పరిచారిక చేతిలో లేని నిర్ణయాలకు ఆమెయే జవాబు చెప్పవలసివచ్చినది. 2021లో అమెరికాలో నమోదైన దుష్ప్రవర్తన ఫిర్యాదులు సుమారు 6,000. వాటిలో అధికభాగం ముఖానికి గుడ్డ కట్టుకొనమన్నందుకే.

నేరం చేసినవానిని శిక్షించడమూ సులభం కాదు. 1963 టోకియో ఒడంబడిక ప్రకారం ప్రధానాధికారం విమానం నమోదైన దేశానిది. దిగిన దేశం చేతులు ముడుచుకొని వదలివేసిన సందర్భాలు అనేకం. 2014లో మాంట్రియలులో కుదిరిన సవరణ దిగిన దేశానికి కూడ అధికారం ఇచ్చినది. అది 2020 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

భారతదేశంలో దేశీయ విమానాలలో మద్యం ఇవ్వరు. 2017 సెప్టెంబరులో మన ప్రభుత్వం దుష్ప్రవర్తనను మూడు అంచెలుగా విభజించినది: నోటి దురుసుకు మూడు నెలల వరకు, చేయి చేసికొన్నచో ఆరు నెలల వరకు, ప్రాణాపాయం కలిగించినచో రెండు సంవత్సరాలు లేక అంతకు మించి విమానయాన నిషేధం. అయినను 2022 నవంబరు 26న న్యూయార్కు నుండి ఢిల్లీకి వచ్చే విమానంలో మత్తులో ఉన్న ఒక ప్రయాణికుడు ఒక వృద్ధురాలిపై మూత్రవిసర్జన చేసినాడన్న ఫిర్యాదు దేశమంతటా సంచలనం కలిగించినది. 2023 జనవరిలో ఆ సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా పడినది. అదే నెలలో సంస్థ తన మద్యపు నియమాలను తిరిగి వ్రాసినది. సిబ్బంది పోసినది తప్ప ప్రయాణికులు తమది త్రాగరాదని, ఇక చాలునని మర్యాదగా చెప్పి నిరాకరించవలెనని అందులో ఉన్నది.