ఇల్లు వెతుక్కున్నవాళ్ళు

కుర్రవాళ్ళకి ఎప్పుడూ కొత్తదే కావాలని మనకో నమ్మకం. ప్రసంగం కుదించి, పాటకి గిటారు జోడిస్తే చర్చికి వస్తారని పెద్దల ఆశ. 1960లలో అమెరికా కాలేజీల్లో సరిగ్గా ఇలాంటి పనే చేసిన కొందరు యువకులు చివరికి ఎక్కడ తేలారో చూస్తే ఆ నమ్మకం కాస్త సడలుతుంది.

పీటర్ గిల్‌క్విస్ట్, అతని మిత్రులు 'క్యాంపస్ క్రూసేడ్ ఫర్ క్రైస్ట్'లో పనిచేసేవాళ్ళు. విద్యార్థులకి సువార్త చెప్పేవాళ్ళు. విన్నవాళ్ళలో కొందరు అక్కడికక్కడే ప్రార్థన చేసి విశ్వాసులయ్యేవాళ్ళు. సరే, ఆ తర్వాత? వాళ్ళు ఏ సంఘానికి చెందుతారు? ఈ ప్రశ్న తేలక 1968లో సంస్థని వదిలేశారు. గిల్‌క్విస్ట్‌కి అప్పటికి దాదాపు ముప్పై ఏళ్ళు. ఇళ్ళల్లోనే చిన్న సంఘాలు పెట్టుకున్నారు, అచ్చం కొత్త నిబంధనలో ఉన్నట్టే అనుకుని.

అయితే అపొస్తలులు పోయాక ఆ తొలి సంఘం ఏమైంది? అది తెలుసుకోడానికి చదువు పంచుకున్నారు. జాక్ స్పార్క్స్ ఆరాధన గురించీ, జాన్ బ్రాన్ సంఘ చరిత్ర గురించీ చదవాలి. తొలి క్రైస్తవులు కూడా తమలాగే గుండ్రంగా కూచుని, తోచినట్టు ప్రార్థించి ఉంటారని వాళ్ళ ఊహ. కానీ సుమారు 150లో రోములో జస్టిన్ రాసినదాంట్లో ఆదివారం ఆరాధనకి ఒక క్రమం ఉంది: లేఖన పఠనం, బోధ, ప్రార్థన, ఆపైన రొట్టె, ద్రాక్షారసం. అంతకు ముందే అంతియొకయ ఇగ్నేషియస్ ఉత్తరాల్లో బిషప్పు, పెద్దలు, పరిచారకులు కనిపిస్తారు. ఇవన్నీ తర్వాతెప్పుడో చేరిన కల్తీ అని తోసెయ్యడానికి వీల్లేకపోయింది.

ఇక్కడో తమాషా ఉంది. 1979లో వాళ్ళు 'ఇవాంజెలికల్ ఆర్థడాక్స్ చర్చి' అని సొంతంగా ఒకటి పెట్టుకుని, తామే బిషప్పులయ్యారు. అంటే, పాతదాన్ని కూడా కొత్తగా తామే కట్టుకున్నారన్నమాట! 1985లో ఇస్తాంబుల్ వెళితే పేట్రియార్క్ దర్శనమే దొరకలేదు, ఉత్త చేతుల్తో తిరిగొచ్చారు. చివరికి 1987లో అమెరికాలోని అంతియొకయ ఆర్థడాక్స్ శాఖ దాదాపు రెండు వేలమందిని చేర్చుకుంది. బిషప్పులు పెళ్ళయినవాళ్ళు. ఆర్థడాక్స్ నియమం ప్రకారం బిషప్పుకి సంసారం ఉండకూడదు. కనక ఆ పదవి వదులుకుని మామూలు ప్రీస్టులుగా అభిషేకం పొందారు. కొందరు దీనికి ఒప్పుకోక వెనకే ఆగిపోయారు.

యువతని పాత సంప్రదాయం వైపు లాగేది సాంబ్రాణి పొగ, కొవ్వొత్తుల వెలుగు అంటుంటారు. కొంత నిజమే కావచ్చు. కానీ పొగ కోసం ఎవరూ పదవి వదులుకోరు. అన్నీ తామే కట్టుకుని అలిసిపోయినవాళ్ళకి, తాము కట్టని ఇల్లు ఒకటి కావాలి. ఆ ఇంట్లోకి వెళ్ళాలంటే తల వంచాలి.