అడ్రియానోపుల్: ఓటమి ఒక్కరోజుది కాదు

తుర్కియే వాయవ్య కొసన, మెరిచ్, తుంజా నదులు కలిసే చోట ఉన్న మా ఎదిర్నెకు పాత పేరు అడ్రియానోపుల్. క్రీ.శ. 378 ఆగస్టు 9న ఈ ఊరి చేరువలోనే గోథుల చేతిలో రోమన్ సైన్యం చిత్తయింది. చక్రవర్తి వాలెన్స్ చనిపోయాడు, శవం కూడా దొరకలేదు. రోమ్ పతనం ఇక్కడే మొదలైందని చెప్పుకోవడం ఊరికి గొప్పగానే ఉంటుంది. ఆధారాలు మాత్రం మన చూపును అంతకు రెండేళ్ల ముందరి డాన్యూబ్ ఒడ్డుకూ, నాలుగేళ్ల తర్వాతి సంధికీ మళ్లిస్తాయి.

376లో హూణుల ధాటికి తాళలేక గోథులు డాన్యూబ్ దాటనివ్వమని వేడుకున్నారు. సైన్యానికి మనుషులు దొరుకుతారని వాలెన్స్ ఒప్పుకున్నాడు. కానీ లుపిసినస్, మాక్సిమస్ అనే అధికారులు ఆకలితో ఉన్నవాళ్లకు కుక్కల్ని తిండిగా ఇచ్చి, బదులుగా మనుషుల్ని బానిసలుగా తీసుకున్నారని సమకాలిక చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు. తిరుగుబాటుకు బీజం అక్కడ పడింది. అన్న కొడుకు, పడమటి చక్రవర్తి గ్రేషియన్ తన సేనతో వస్తున్నానని, ఆగమని కబురు పంపినా వాలెన్స్ ఆగలేదు. శత్రువులు పదివేలేనన్న వేగుల మాట నమ్మి, తిండీ నీళ్లూ లేని సైనికుల్ని మండుటెండలో నడిపించాడు.

సైన్యంలో మూడో వంతే బతికి బయటపడిందని అమ్మియానస్ లెక్క. అంత నష్టమే పతనానికి చాలదా అని అడగవచ్చు. నష్టం నిజమే. అయినా మర్నాడు ఖజానా కోసం ఈ ఊరి మీద పడ్డ గోథులు కోటను పట్టలేక వెనుదిరిగారు. ఆ కోట ఆనవాలుగా మకెదోన్ బురుజు నేటికీ ఉంది. కాన్‌స్టాంటినోపుల్ దగ్గరా వాళ్లకు అదే అనుభవం. తూర్పు సామ్రాజ్యం 1453 దాకా నిలిచింది. ఈ యుద్ధంతో కాల్బలాల కాలం చెల్లి గుర్రపు దళాల యుగం మొదలైందనే వాదనా నిలవదు. గోథుల్లో ఎక్కువమంది కాలినడకన పోరాడినవాళ్లే. దూరంగా ఉన్న వాళ్ల గుర్రపు దళం సరిగ్గా వేళకు తిరిగి రావడం కలిసొచ్చిందంతే.

అసలు మార్పు 382లో వచ్చింది. గోథుల్ని అణచలేకపోయిన కొత్త చక్రవర్తి థియోడోసియస్ వాళ్లకు సామ్రాజ్యం లోపలే భూములిచ్చి, విడి జనంగా ఉండనిచ్చాడు. వచ్చినవాళ్లను చెదరగొట్టి తమలో కలుపుకునే పాత పద్ధతి అక్కడ తప్పింది. ఆ గోథుల్లోంచి ఎదిగిన అలారిక్ 410లో రోమ్‌ను దోచాడు. యుద్ధం లేకపోతే ఆ సంధీ ఉండేది కాదనే మాట ఒప్పుకోవలసిందే. అయితే డాన్యూబ్ దగ్గర తిండి సరిగా అంది ఉంటే యుద్ధానికే కారణం ఉండేది కాదు. అడ్రియానోపుల్ ఓటమికి మొదటి బాధ్యులు శరణన్నవాళ్ల ఆకలిని అమ్ముకున్న అధికారులే. ఆగలేకపోయిన చక్రవర్తి వాళ్ల తర్వాతే వస్తాడు.