దూలమునకు కప్పు తోడు

మన పాత యిండ్లలో కప్పును మోయుట దూలము పని. దూలముపై వాసములు, వాసములపై పెంకులు. మిద్దె యిల్లైనచో దూలములపై బద్దలు, వానిపై సున్నమో మట్టియో. ఈ వరుసలో పైనున్నది యెల్లప్పుడును క్రిందిదానికి భారమే గాని సాయము కాదు. కప్పు ఎంత మందమైన దూలమునకు అంత కష్టము. అందుచేతనే పెద్దలు ఇల్లు కట్టునపుడు టేకు దూలమునకై ముందుగా వెదకెడివారు.

నేటి డాబా యింటిలో తల యెత్తి చూచినచో పైన కాంక్రీటు స్లాబు, దాని క్రిందికి దిగిన బీము కనబడును. పాత దూలమే కాంక్రీటు రూపు దాల్చినదని తోచును. కాని లోపల జరుగు పని వేరు. ఇచట స్లాబును బీమును ఒక్కమారుగా పోసి, ఒక్క శరీరముగా చేసినారు. కావున స్లాబు బీముపై కూర్చున్న బరువు మాత్రమే కాదు. బీమునకు భుజములును అదియే. అడ్డముగా కోసి చూచినచో ఆ రూపము ఇంగ్లీషు అక్షరమాలలోని 'టీ' అక్షరము వలె నుండును. ఇంజనీర్లు దీనిని టీ బీము అందురు. బరువే బలమగు ఈ సంగతి ఎట్లు తెలిసెను? దానిని నమ్మదగిన లెక్కగా మార్చుటకు ఎంత కాలము పట్టెను? నడుమ ఏ మూల్యము చెల్లింపవలసి వచ్చెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానమే నేటి మా ప్రసంగము.

పచ్చి వేపపుల్ల నొకదానిని రెండు చేతులతో పట్టి వంచి చూడుడు. వెలుపలి వైపు బెరడు సాగి చిట్లును. లోపలి వైపు బెరడు ముడుతలు పడును. ఒక వైపు లాగుడు, మరియొక వైపు నొక్కుడు. ఈ రెంటి నడుమ సాగనిదియు నొక్కబడనిదియు నగు పొర యొకటి కలదు. దానిని తటస్థాక్షము అందురు. దూలముల బలమును గూర్చి గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున ప్రశ్న సరిగా వేసెను గాని, ఈ పొర స్థానమును పట్టలేకపోయెను. ఫ్రాన్సు దేశమున కూలుంబు 1773లోను, నేవియే 1826లోను ఆ లెక్కను చక్కబెట్టిరి.

రాయి నొక్కుడునకు గట్టిది, లాగుడునకు బలహీనము. మన దేవాలయ మండపములలో స్తంభములు దగ్గర దగ్గరగా నిలిచియుండుటకు ఇది యొక ముఖ్య కారణము. రాతి దూలము దూరము దాటలేదు. కాంక్రీటు సహితము పోతపోసిన రాయియే. దాని లాగుడు బలము నొక్కుడు బలములో సుమారు పదియవ వంతు మాత్రమే. కావున దూలము క్రింది భాగమున, లాగుడు కలుగు చోట, ఇనుప కమ్మీలు పెట్టవలెనను ఆలోచన పుట్టెను.

ఆ ఆలోచన ఒకరి సొత్తు కాదు. ఫ్రాన్సులో లాంబో అనునతడు ఇనుప వలపై సిమెంటు పూసి చేసిన పడవను 1855 నాటి పారిస్ ప్రదర్శనమున జనులు చూచిరి. ఇంగ్లండున విల్కిన్సన్ 1854లో ఇనుము పొదిగిన కాంక్రీటు కప్పునకు పేటెంటు పొందెను. మోనియే అను తోటపనివాడు 1867లో ఇనుప వల గల పూలతొట్లకు పేటెంటు తీసికొనెను. అమెరికను డగు హయట్ తన ప్రయోగముల ఫలితములను 1877లో అచ్చువేసెను. ఎండకు వేడికి ఇనుము, కాంక్రీటు దాదాపు సమముగా వ్యాకోచించునని అతడు గమనించెను. ఈ పొత్తు నిలుచుటకు అదియే మూలము. లేకున్నచో ప్రతి వేసవిలోను రెండును విడిపోయెడివి. జర్మనీలో కోనెన్ 1886లో ఇట్టి దూలమునకు మొదటి లెక్కలలో నొకదానిని ప్రకటించెను. తటస్థాక్షము సరిగా నడుమ నుండునని అతడు తలచెను. అది సరికాదని తరువాత తేలెను. అయినను లెక్క మొదలయ్యెను.

టీ బీమును ప్రపంచమునకు ఇచ్చినవాడు ఫ్రాన్సువా ఎన్నెబీక్. అతడు కళాశాల పండితుడు కాడు. రాతిపని నేర్చి మేస్త్రియై, పిదప కంట్రాక్టరైనవాడు. 1879 ప్రాంతమున బెల్జియములో ఒక ఇంటిని అగ్నికి లొంగనట్లు కట్టవలసి వచ్చినపుడు, ఇనుప దూలములకు కాంక్రీటు కవచము తొడిగెను. కాంక్రీటు ఎటులను ఉండగా, నొక్కుడు కలుగు పై భాగమున ఇంత ఇనుము ఏల? క్రింద కమ్మీలు చాలవా? ఈ ప్రశ్న అతనిని నడిపించెను. 1892లో పొందిన పేటెంటులో స్లాబు, బీము కలిసియున్నవి. క్రింద గుండ్రని కమ్మీలు ఉన్నవి. ఆధారముల దగ్గర కొన్ని కమ్మీలను పైకి వంచుట ఉన్నది. కమ్మీలను పట్టి పైకి సాగు ఇనుప పట్టీలు ఉన్నవి. నేడు మన సెంట్రింగు పనివారు రింగులని పిలుచు వస్తువునకు ఆ పట్టీలే పూర్వరూపము.

ఆ కాలమున నూలు మిల్లులు తరచు తగులబడుచుండెడివి. నూనె పీల్చిన కొయ్య అంతస్తులు క్షణములో మండెడివి. ఇక ఘోరాగ్నులుండవని ఎన్నెబీక్ సంస్థ చాటుకొనెను. 1897లో వేల్సు దేశపు స్వాన్సీ నగరమున అతని పద్ధతిపై పిండిమిల్లు లేచెను. 1899లో ఫ్రాన్సున షాతెల్లెరో వంతెన పూర్తియయ్యెను. దేశదేశములలో అతని ప్రతినిధులు వెలసిరి. అయితే కొలతలు నిర్ణయించునది అతని కార్యాలయమే. ఆ లెక్కలలో సిద్ధాంతము కంటె అనుభవము పాలు హెచ్చు. కట్టించువాడు సంస్థను నమ్మవలసినదే గాని, తాను లెక్క సరిచూచుకొను మార్గము లేకుండెను.

1901 ఆగస్టులో స్విట్జర్లండు దేశపు బాజెల్ నగరమున ఈ పద్ధతిపై కట్టుచున్న ఒక హోటలు కూలి కొందరు ప్రాణములు గోల్పోయిరి. ఇది యూరపు ఖండమంతట కలవరము కలిగించెను. కొత్త కాంక్రీటు తన బలమును ఎట్లు రుజువు చేయును? ఎవరు పరీక్షింతురు? సామగ్రిని, పనితనమును ఎవరు చూతురు? ఈ ప్రశ్నలను ఇక దాటవేయ వీలులేకపోయెను. స్విట్జర్లండు 1903లో తాత్కాలిక నియమములను, ప్రష్యా 1904లోను, ఫ్రాన్సు 1906లోను ప్రభుత్వ నియమములను వెలువరించినవి. అంతకు ముందే బెల్జియము ఇంజనీరు క్రిస్టాఫ్ 1899లో అన్ని పద్ధతులను పోల్చి విమర్శించియుండెను. జర్మనీలో మెర్ష్ 1902లో ప్రయోగములతో కూడిన గ్రంథమును ప్రకటించెను. ఒక సంస్థ రహస్యముగా నున్న విద్య ఈ విధముగా అందరి విద్య ఆయెను. మా దృష్టిలో ఈ చరిత్రకు గుండె వంటి ఘట్టమిది.

కాని టీ బీములో ఒక చిక్కు మిగిలెను. స్లాబు బీమునకు తోడ్పడుననుట నిజమే. ఎంత వెడల్పు తోడ్పడును? బీమునకు దగ్గరనున్న స్లాబు గట్టిగా నొక్కబడును. దూరము పోయినకొలది ఆ నొక్కుడు సన్నగిల్లును. పెండ్లిలో పల్లకి నెత్తువారిలో బొంగునకు దగ్గరనున్నవాని భుజముపైననే బరువెక్కువ. దూరముగా నడచువాడు చేయి వేసినను అది మర్యాద మాత్రమే. స్లాబు అంతయు మోయుచున్నదని లెక్కించుట ఆత్మవంచన; ఏమియు మోయుట లేదనుట దుబారా. కావున, సమానముగా నొక్కబడుచున్నదని భావింపదగిన ఒక వెడల్పును తీసికొందురు. దానికే సార్థక వెడల్పని పేరు. హంగరీలో జన్మించిన శాస్త్రజ్ఞుడు ఫాన్ కార్మాన్ 1924లో ఈ సమస్యకు గణితశాస్త్ర పరిష్కారము చూపెను. విమాన శాస్త్రమున ప్రసిద్ధుడైన ఆయన మన ఇంటి కప్పు సమస్యను విప్పుట వింత గొల్పును.

మన దేశమున కాంక్రీటు నియమావళి ఐ.ఎస్. 456 అను పేర 1953లో తొలిసారి వెలువడినది. 1957, 1964, 1978, 2000 సంవత్సరములలో దానిని సవరించిరి. 2000 నాటి ప్రతిలోని సూత్రము తేలికైనది: బీములో వంపు బలము శూన్యమగు రెండు చోట్ల నడుమ దూరములో ఆరవ వంతు, దానికి బీము కాండపు వెడల్పు, దానికి స్లాబు మందమునకు ఆరు రెట్లు కలుపవలెను. అయితే ప్రక్క బీముల వరకు గల సగము సగము దూరమును మించి తీసికొనరాదు.

ఒక హాలును తలచుకొందము. రెండు కొసలయందు గోడలపై ఆనిన బీము 6 మీటర్ల పొడవు. బీముల నడుమ 3 మీటర్ల ఎడము. కాండము 230 మిల్లీమీటర్ల వెడల్పు. స్లాబు మందము 120. సూత్రము ప్రకారము 1,000, 230, 720 కలిపి 1,950 మిల్లీమీటర్లు. అనగా దూలము తన కాండమునకు ఎనిమిది రెట్లకు మించిన వెడల్పుతో నొక్కుడు నెదుర్కొనును. క్రింద 20 మిల్లీమీటర్ల కమ్మీలు నాలుగు పెట్టి, వాని నడిమి వరకు లోతు 450 అనుకొందము. సాధారణమగు 20 శ్రేణి కాంక్రీటు, 415 శ్రేణి ఉక్కు తీసికొన్నచో, కమ్మీలు సుమారు 453 కిలోన్యూటన్ల లాగుడు నీయగలవు. దానికి సరితూగు నొక్కుడునకు పైనుండి కేవలము 32 మిల్లీమీటర్ల లోతు చాలును. స్లాబు మందములో మూడవ వంతైనను కాదు. బీము వంపునెదిరించు శక్తి సుమారు 198 కిలోన్యూటన్ మీటర్లు.

ఇపుడు స్లాబు సాయము లేదని తలచుడు. అంతే నొక్కుడు నిచ్చుటకు 230 వెడల్పు గల కాండమునకు 274 మిల్లీమీటర్ల లోతు కావలెను. నియమావళి అనుమతించు హద్దు 216 మాత్రమే. కావున శక్తిని 128 దగ్గరనే నిలుపవలసివచ్చును. ఆ హద్దు పిరికితనము చేత పెట్టినది కాదు. ఉక్కు ముందుగా సాగినచో బీము వంగును, క్రింద పగుళ్లు విచ్చును, ఇంటివారికి హెచ్చరిక యందును. కాంక్రీటు ముందుగా నలిగినచో హెచ్చరిక లేదు, ఒక్కసారిగా కూలును. టీ బీములోని విశాలమగు స్లాబు బలమునే గాక, ముందుగా చెప్పి వంగు సుగుణమును కూడ ఇచ్చును. అమెరికాలో విట్నీ 1937లో సూచించిన సులభ పద్ధతి వంటి ప్రయత్నములు, తుది స్థితిని బట్టి బలమును లెక్కించు ఈ దృష్టిని బలపరచినవి.

ఇంత చెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక చేయక తప్పదు. స్లాబు తోడు అన్నిచోట్ల దొరకదు. బీము వరుసగా పలు స్తంభములపై సాగునపుడు, నడుమ క్రిందికి వంగును. స్తంభముల దగ్గర మాత్రము వంపు తిరుగబడి, లాగుడు పైకి వచ్చును. అచట స్లాబే చీలును. కాండము ఒంటరిగా నొక్కుడును మోయవలెను. పై కమ్మీలే ప్రాణము. ముందుకు చొచ్చిన బాల్కనీలోను ఇంతే. స్లాబు పోయునాడు తట్టలు మోయువారు పై కమ్మీలను త్రొక్కుచు నడచిన, అవి క్రిందికి దిగిపోవును. కాగితముపై నున్న బలము ఆ పూటనే నశించును. అట్లే బీమును నేడు పోసి స్లాబును మరునాడు పోయవలసి వచ్చినచో, రింగులు పైకి నిలిచియుండవలెను. అతుకు గరుకుగా, శుభ్రముగా నుండవలెను. లేనిచో రెండును ఒక్క శరీరము కావు. మరల పాత దూలమును, పాత బరువును మిగులును.

ఎన్నెబీక్ పేటెంటు నుండి ఫాన్ కార్మాన్ పరిష్కారము వరకు ముప్పదిరెండేండ్లు గడచెను. చేయి ముందు నడచినది, లెక్క వెనుక వచ్చినది. నడుమ కొన్ని ప్రాణములు పోయినవి. నేడు ఆ లెక్క ఏ విద్యార్థికైనను అందుబాటులో నున్నది. అయితే ఆ లెక్కను నిజము చేయునది ఇంజనీరు కలము కాదు. స్లాబు పోయునాడు కమ్మీ తన చోట నున్నదా యని వంగి చూచు మేస్త్రియు, అతని ప్రక్కన నిలిచి అడుగు ఇంటి యజమానియు దానిని నిజము చేయుదురు. సొంత యిల్లు కట్టుకొను శ్రోతలు ఆ ఒక్క పూట ఎండకు వెరవక అచట నిలువవలెనని మా మనవి.